నడుము గుంజక ముందే

మీది నిలబడి చేసే పని అయితే, ఈ అధ్యాయం చదివే ముందు ఒక లెక్క వేసుకోండి. నిన్న పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే దాకా మొత్తం ఎన్ని గంటలు కాళ్ల మీద ఉన్నారు? డ్యూటీ గంటలు మాత్రమే రాస్తే లెక్క తప్పుతుంది.

ఇబ్రహీంపట్నంలో, సాగర్ రోడ్డు మీద బట్టల దుకాణంలో పనిచేసే ఒక అక్క రోజును తీసుకుందాం. తెల్లవారి వంటగట్టు దగ్గర గంటన్నర నిలబడి టిఫిను, బాక్సులు. తర్వాత బస్సు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బు లేదు. నెల జీతంలో ఆ డబ్బు మిగలడం పెద్ద ఊరట. కానీ రద్దీ వేళ సీటు దొరకదు, పైనున్న కడ్డీ పట్టుకుని ఊగుతూ రావాల్సిందే. దుకాణంలో రాత్రి దాకా కౌంటర్ వెనక. తిరుగు బస్సులో మళ్లీ అదే కడ్డీ. ఇంటికి చేరాక మళ్లీ అదే వంటగట్టు. దుకాణంలో నిలబడి నడుము పోయిందని ఆమె అంటుంది. నిజమే, కానీ అది సగమే. పది గంటల బరువు మోసిన నడుముకు ఇంటి దగ్గర ఇంకో మూడు గంటలు మోపుతున్నాం. పనిచోట మార్చలేనివి కొన్ని ఉంటాయి. ఇంట్లో కూరగాయలు కింద కూర్చునో, బల్ల ముందు కూర్చునో తరగడం ఈ రోజు నుంచే చేయొచ్చు. అది మీ చేతిలో ఉన్న మొదటి అరగంట.

ఈ ఊరి చుట్టుపక్కల నిలబడి బతికేవాళ్లు ఎందరో. మంగళ్‌పల్లి, శేరిగూడ, ఖానాపూర్ వైపు ఇంజనీరింగ్ కాలేజీల్లో వరసగా క్లాసులు చెప్పే లెక్చరర్లు, ఆ కాలేజీల గేట్ల దగ్గర సెక్యూరిటీ గార్డులు. ఆదిబట్లలో అపాచీ హెలికాప్టర్ల మొండాలు, సి-130జె విమానాల తోక భాగాలు తయారుచేసే నైపుణ్యం ఉన్న కార్మికులు. కొంగరకలాన్ వైపు కొత్తగా వచ్చిన ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలోకి చేరుతున్న అమ్మాయిలు. చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబుల్. పెనం ముందు దోసె మాస్టర్, ఇస్త్రీ బండి అన్న, క్షౌరశాలలో కత్తెర పట్టినాయన, మెడికల్ షాపు కుర్రాడు. పనులు వేరు, సాయంత్రమయ్యేసరికి అందరి చెయ్యీ పోయేది ఒకే చోటికి. బెల్టు పెట్టుకునే దగ్గర, వెన్నుకు రెండు పక్కలా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో 61 కోట్ల 90 లక్షల మంది నడుము నొప్పితో ఉన్నారు. కాబట్టి ఇది మీ ఒంటి బలహీనత అనుకోవద్దు. 'నీకు ఇప్పుడే ఏం వయసయింది' అని ఎవరన్నా అంటే నొచ్చుకోవద్దు కూడా. ఇరవై రెండేళ్ల అమ్మాయికీ వస్తుంది, జిమ్‌కు వెళ్లే అబ్బాయికీ వస్తుంది.

కండరానికి ఏమవుతుంది

ఖాళీ చేతిని ముందుకు చాచి, కదలకుండా ఉంచి చూడండి. రెండు మూడు నిమిషాల్లో భుజం గుంజడం మొదలవుతుంది. అదే చేత్తో అరగంట బట్టలు ఉతకగలరు, పిండి కలపగలరు. కదిలే కండరం బిగుస్తుంది, వదులుతుంది, వదిలిన ప్రతిసారీ దానిలోకి కొత్త రక్తం వస్తుంది. కదలని కండరం బిగిసే ఉంటుంది. తనలోని సన్నని రక్తనాళాలను తనే నొక్కుకుంటుంది. ఒకచోట నిలబడినప్పుడు మీ నడుము కండరాలు చేస్తున్నది సరిగ్గా ఇదే. పిక్కలదీ అదే కథ. నడిచేటప్పుడు పిక్కల కండరాలు పిండినట్టు చేసి కాళ్లలోని రక్తాన్ని పైకి తోస్తాయి. నిలబడిపోతే ఆ తోపుడు ఆగి రక్తం కిందే నిలుస్తుంది. సాయంత్రానికి చెప్పులు బిగుతవడం, పాదాల మీద పట్టీల గుర్తులు పడటం అందుకే.

రెండోది మన నిలుచునే తీరు. గంట దాటాక ఎవరైనా సరే అలసి మోకాళ్లు వెనక్కి బిగించేస్తారు, పొట్ట ముందుకు వదిలేస్తారు. అప్పుడు శరీరం బరువును కండరాలు మోయవు, నడుము దగ్గర వంపు ఎక్కువై వెన్నుపూసల వెనక కీళ్లు, లిగమెంట్లు మోస్తాయి. ఆ క్షణంలో హాయిగా ఉన్నట్టే ఉంటుంది. రాత్రి పడుకున్నప్పుడు తెలుస్తుంది.

కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో జాక్ కాలహాన్ బృందం ఈ విషయం మీద ఏళ్ల తరబడి పనిచేసింది. ఎప్పుడూ నడుము నొప్పి ఎరగని వాళ్లను బల్ల ముందు రెండు గంటలు నిలబెట్టి చూస్తే, ఒక్కో ప్రయోగంలో సగానికి అటూ ఇటూగా జనానికి ఆ రెండు గంటల్లోనే నొప్పి మొదలైంది. వాళ్లది ఇంకో ప్రయోగం ఉంది, ఈ అధ్యాయానికి ఆయువుపట్టు అదే. 45 నిమిషాలు నిలబెట్టి, 15 నిమిషాలు కూర్చోబెట్టి, మళ్లీ నిలబెట్టారు. కూర్చున్నప్పుడు నొప్పి తగ్గింది. లేచి నిలబడగానే మునుపటి చోటికే వచ్చేసింది. అంటే నొప్పి ఒకసారి పట్టుకున్నాక పావుగంట కూర్చుని దాన్ని వదిలించుకోలేం. అది పట్టుకోక ముందే కదలాలి.

ఎంత ముందు? ఇలాంటి ప్రయోగాలన్నిటినీ కలిపి లెక్కగట్టిన పీటర్ కోనెన్ బృందం ప్రకారం, సగటు మనిషికి 71 నిమిషాల దగ్గర నడుములో బాధ కనబడుతుంది. త్వరగా నొప్పి వచ్చే తత్వం ఉన్నవాళ్లకు 42 నిమిషాలకే. మీరు ఏ కోవకు చెందుతారో కనుక్కోవాలని ఎదురుచూడటం అనవసరం. 40 నిమిషాలను గీతగా పెట్టుకోండి. ఆలోపు ఒకసారి కూర్చోవాలి. అది కుదరని చోట నిలబడే తీరును పూర్తిగా మార్చాలి. ఫోను వైబ్రేషన్‌లో పెట్టుకుని జేబులో వేసుకుంటే సరిపోతుంది. ఫోను అనుమతించని కర్మాగారాల్లో పని లెక్కనే గడియారం చేసుకోవాలి. ఇన్ని భాగాలు బిగించాక, ఇన్ని పెట్టెలు సర్దాక అని. కాలేజీలో పీరియడ్ గంటే చాలు.

పీట

ఖర్చు లేని, అడిగి ఒప్పించాల్సిన పని లేని, నాకు అన్నిటికన్నా నమ్మకమున్న ఉపాయం ఒక చిన్న పీట. దాని ఎత్తు 10 నుంచి 15 సెంటీమీటర్లు ఉండాలి. పీట లేకపోతే ఇటుక. ఇటుకను పక్కవాటంగా పెడితే దాదాపు నాలుగు అంగుళాలు వస్తుంది, సరిపోతుంది. కౌంటర్ కింద, ఇస్త్రీ బల్ల కింద, పొయ్యి గట్టు కింద పెట్టుకుని ఒక పాదం దాని మీద ఉంచండి. కొద్ది నిమిషాలకు పాదం మార్చండి.

ఇంత చిన్న వస్తువుకు ఇంత బలం ఎక్కడిదంటే, తొడ ఎముక నుంచి నడుము పూసల ముందు భాగానికి ఒక లావాటి కండరం ఉంటుంది. రెండు కాళ్లూ నిటారుగా ఉన్నంతసేపూ అది సాగి, నడుమును ముందుకు లాగుతూ ఉంటుంది. ఒక కాలు పైకి పెట్టగానే ఆ పక్క కండరం వదులవుతుంది, తుంటి కొంచెం వెనక్కి తిరుగుతుంది, నడుము వంపు తగ్గుతుంది. నొప్పి ఉన్నవాళ్లకు తేడా త్వరగానే తెలియవచ్చు. బడిలోనో కాలేజీలోనో పాఠం చెప్పేవాళ్లకు నల్లబల్ల కింద వేదిక అంచు ఉంటుంది. ఒక కాలు పైన, ఒక కాలు కింద పెట్టి నిలబడవచ్చు. బస్సులో సీటు కింది కడ్డీ మీద పాదం ఆనించవచ్చు.

పీట పెట్టలేని చోట పాదాలను ముందూ వెనకా ఒక అడుగు ఎడంగా పెట్టి, బరువును ముందు కాలి మీదికీ వెనక కాలి మీదికీ మార్చుతూ ఉండండి. మోకాళ్లు బిగించొద్దు, వెంట్రుక వాసి వదులుగా ఉంచండి. గేటు దగ్గర నిలబడే గార్డు అన్నలు గేటుకు ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ ఉంటే చాలు, కాపలాకు లోటు రాదు. నడవడానికి వీల్లేని ట్రాఫిక్ డ్యూటీలో మడమలు ఎత్తి దించండి, ఇరవై సార్లు. ఎవరికీ కనబడదు, పిక్కలు రక్తాన్ని పైకి తోస్తాయి.

బల్ల ఎత్తు సంగతి కూడా చూసుకోవాలి. మోచేతిని మడిచి ఒంటికి ఆనించి నిలబడండి. మామూలు తేలికపాటి పనికి, అంటే బిల్లు రాయడం, బట్ట మడవడం వంటివాటికి, బల్ల ఆ మోచేతి కన్నా 5 నుంచి 10 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. సన్నని పనికి, అంటే చిన్న స్క్రూలు బిగించడం, గడియారం బాగుచేయడం లాంటివాటికి, మోచేతి కన్నా కొంచెం పైకి. కిందికి నొక్కే బరువు పనికి జానెడు కిందికైనా పరవాలేదు. ఒకే బల్ల దగ్గర పొడుగు మనిషీ పొట్టి మనిషీ పనిచేస్తుంటే బల్లను పొడుగు మనిషికి సరిపెట్టి, పొట్టివాళ్లకు కింద చెక్క ఎత్తు వేయాలి. తిరగేసి చేస్తే పొడుగాయన రోజంతా వంగే ఉంటాడు. ఇంటి వంటగట్టు విషయంలో మనం చేసే పొరపాటు పెద్దది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ అలవాటు కొద్దీ ఒక కొలత వేస్తాడు, వండే మనిషి మోచేతిని ఎవరూ కొలవరు. కొత్త ఇల్లు కడుతున్నవాళ్లు ఈ ఒక్క కొలతా ఆ మనిషిని నిలబెట్టి తీయించండి.

నేల సిమెంటుదో గ్రానైటుదో అయితే నిలబడే చోట మందపాటి రబ్బరు చాప వేసుకోవాలి. అది దొరికే దాకా గోనెసంచి మూడు మడతలు వేసినా, అట్టపెట్టెలు విప్పి పరిచినా నయమే. అంచులు కాలికి తగిలి పడకుండా చూసుకోండి. చెప్పులకు మడమ ఎత్తు రెండు అంగుళాలు దాటకూడదు, వేళ్లు కదిలేంత జాగా ఉండాలి, మడమను పట్టి ఉంచే పట్టీ ఉండాలి. అరిగి ఒక పక్కకు ఒరిగిన చెప్పు నడుమును రోజంతా ఆ పక్కకే లాగుతుంది.

నీళ్ల గురించి ఒక మాట, ముఖ్యంగా అక్కచెల్లెళ్లకు. దుకాణంలో బాత్రూం లేదని, ఉన్నా వెళ్తే ఏమంటారోనని పొద్దంతా నీళ్లు తాగకుండా గడిపేవాళ్లున్నారు. ఒంటికి అది చేసే కీడు నడుముతో ఆగదు, మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్ దాకా పోతుంది. నీళ్లు తాగండి. బాత్రూంకు నడిచి వెళ్లి రావడం కూడా నడుముకు కావలసిన కదలికే.

ఇంటి దగ్గర పది నిమిషాలు

ఇందాక చెప్పిన వాటర్లూ ప్రయోగాల్లో ఇంకో సంగతి తేలింది. నొప్పి రాబోయే వాళ్లలో తుంటి పక్క కండరాలు రెండు వైపులా ఒకేసారి బిగుసుకుని ఉంటున్నాయి, అదీ నొప్పి మొదలవక ముందే. మామూలుగా ఒక పక్క పనిచేస్తే ఇంకో పక్క సేద తీరాలి. కొన్ని వారాలు వ్యాయామం చేయించాక అలాంటివాళ్లలో నొప్పి తగ్గింది. కాబట్టి తుంటి పక్కల మీద కొంచెం శ్రద్ధ పెట్టడం వృథా పోదు.

పక్కకు తిరిగి పడుకుని, కింది కాలు మడిచి, పై కాలును నిటారుగా చాచి, నెమ్మదిగా పైకి ఎత్తి దించండి. పది సార్లు, తర్వాత రెండో పక్క. కాలు ముందుకు జారకుండా చూసుకోవాలి, జారితే పని తొడ మీద పడుతుంది, తుంటి మీద కాదు. ఆ తర్వాత వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి తుంటిని పైకి లేపండి, ఐదు అంకెలు లెక్కపెట్టి దించండి. చివరగా పిక్కలను కుర్చీ మీద పెట్టి నేల మీద పడుకుని ఐదు నిమిషాలు ఉండండి. తొడలు నిటారుగా పైకి, పిక్కలు కుర్చీ మీద అడ్డంగా. రోజంతా ముందుకు లాగిన నడుము నేలకు ఆనుతుంది. అన్నం వండుతూ మధ్యలో చేసేది కాదు ఇది. ఆ ఐదు నిమిషాలు ఇంట్లోవాళ్లు పొయ్యి చూసుకోవాలి, ఆ మాట ఇంట్లో గట్టిగానే చెప్పండి.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లల సంగతి సూటిగా చెబుతాను. ఒకటి రెండు రోజులకు పరవాలేదు. డ్యూటీకి వెళ్లే ముందు రోజూ ఒకటి వేసుకోవడం అలవాటయితే అది కడుపులో పుండ్లకు, కిడ్నీల దెబ్బకు దారి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు మరీ ప్రమాదం. నడుము బెల్టు మీద కూడా అతినమ్మకం వద్దు. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే జాతీయ సంస్థ నియోష్ 1994లోనే, నొప్పి లేని కార్మికులకు నొప్పి రాకుండా బెల్టు కాపాడుతుందనడానికి ఆధారం లేదని తేల్చింది. డాక్టరు పెట్టుకోమంటే ఆయన చెప్పిన రోజులు పెట్టుకోండి.

కొన్ని లక్షణాలకు ఈ అధ్యాయంలోని చిట్కాలేవీ పనికిరావు. నొప్పి పిరుదు నుంచి మోకాలు దాటి కిందికి పాకడం, పాదం మొద్దుబారడం, కాలిలో బలం తగ్గి చెప్పు జారిపోవడం, పడ్డాక మొదలైన నొప్పి, నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి. వీటిలో ఏది ఉన్నా డాక్టరుకు చూపించాలి. మలమూత్రాల మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా తెల్లవారే దాకా ఆగొద్దు, ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

స్టూలు అడగడం

పాతకాలం బట్టల దుకాణంలో తెల్ల దుప్పటి పరిచిన పరుపు ఉండేది. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ దాని మీదే కూర్చునేవాళ్లు, తాను విప్పి పరిచి చూపించేవాళ్లు. అద్దాల షోరూములు, ఎత్తు కౌంటర్లు వచ్చాక కొనేవాళ్లకు కుర్చీ మిగిలింది, అమ్మేవాళ్లకు పోయింది. కూర్చుంటే మర్యాద తప్పినట్టని, సోమరితనమని ఒక భావం పాతుకుంది. ఆ భావం తప్పు. దాన్ని మార్చడానికి చాలామంది చాలాకాలంగా పోరాడుతున్నారు.

బ్రిటన్‌లో 1899లోనే దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లకు, ముగ్గురికి ఒకటి లెక్కన కుర్చీలు ఉండాలని చట్టం చేశారు. మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్, నిలబడి పనిచేయాల్సిన కార్మికులందరికీ వీలు దొరికినప్పుడు సేదతీరడానికి కూర్చునే ఏర్పాటు ఉండాలని చెప్పింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన కొత్త భద్రతా కోడ్‌లోనూ ఆ మాట ఉంది. దుకాణాల సంగతి వేరు. కేరళలో కోజికోడ్ బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడే ఆడవాళ్లను విజి పెన్‌కూట్టు అనే దర్జీ ఆమె కూడగట్టారు. బాత్రూం అడిగారు, ఆ తర్వాత కూర్చునే హక్కు అడిగారు. 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించి ఆ హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు అదే బాట పట్టింది. రెండూ మన దక్షిణాది రాష్ట్రాలే, రెండు చోట్లా దుకాణాలు మూతపడలేదు.

మీ సేటును అడగడానికి ఒక్కరే వెళ్లొద్దు. నలుగురు కలిసి, గిరాకీ తక్కువున్న మధ్యాహ్నం పూట వెళ్లండి. పండగ సీజన్లో, శ్రావణ మాసం పెళ్లిళ్ల రద్దీలో ఎత్తొద్దు. కావలసింది తక్కువని మొదటే చెప్పండి: "సేటూ, మాకు రెండు స్టూళ్లు గావాలె. గిరాకీ లేనప్పుడు వంతుల లెక్క ఐదు నిమిషాలు కూసుంటం. కస్టమర్ గడప తొక్కంగనే లేస్తం. సాయంత్రం రష్షులో గూడ నడుము పట్టుకోకుండ నిలబడతం." ఆయనకు నష్టం ఎక్కడుందో ఆయనే వెతుక్కోవాలి. నడుము నొప్పితో నెలకు రెండు మూడు సెలవులు పడటం, పని నేర్చిన మనిషి మానేసి కొత్త మనిషికి మళ్లీ నేర్పడం, ఈ రెండూ ఆయనకు తెలిసిన లెక్కలే.

స్టూలు ఎలాంటిదో కూడా మీరే చెప్పండి. మామూలు కుర్చీ కన్నా ఎత్తుగా ఉండాలి. సగం కూర్చుని సగం నిలబడ్డట్టు, పాదాలు నేలకు ఆని, ముఖం కస్టమరుకు ఎదురుగా ఉంటుంది. దాని మీద కూర్చుని బిల్లు రాయొచ్చు, చీర మడవొచ్చు. లేచినట్టే ఉంటుంది కాబట్టి సేటుకూ అభ్యంతరం తగ్గుతుంది. కింద అడ్డకడ్డీ ఉన్నది తీసుకుంటే పీట పని కూడా అదే చేస్తుంది. స్టూలు వచ్చిన రోజే ఎవరి వంతు ఎప్పుడో ఒక కాగితం మీద రాసి కౌంటర్ లోపలి వైపు అంటించండి. వంతులు రాసుకోకపోతే వారం తిరిగేలోగా ఆ స్టూలు మీద చీరల కట్టలు చేరతాయి, మీరు మళ్లీ పక్కన నిలబడే ఉంటారు.